రాష్ట్రాన్ని ఆపిన ఆవలింత

ఒకానొక ఉదయం ఒక మనిషి ఆవలించాడు. అంతే, ఒక రాష్ట్రంలోని పోలీసులందరూ ఒక్కసారిగా నోళ్ళు తెరిచి, చేతుల్లోని లాఠీలు జారవిడిచి, పట్టుకున్న దొంగల్ని వదిలేసి, నిలబడ్డ చోటే కునుకు తీశారు.

అబద్ధమంటారా? సరే, కొంచెం తగ్గిద్దాం. పోలీసులందరూ కాదు. ఆ రోజుల్లో వైర్‌లెస్ సెట్లు సగం మూగబోయి ఉండేవి కాబట్టి సగం మందే. కునుకు తీసింది ఇద్దరో ముగ్గురో. వాళ్ళు ఆవలింత వినకపోయినా తీసేవాళ్ళే. దొంగల సంగతి పూర్తిగా వదిలేయండి. ఆవలింత మాత్రం నిజం. అది రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడిన మాట నిజం. ఆవలించినవాడు ఆ తర్వాత చాలాకాలం తలెత్తుకుని అన్నం తినలేకపోయిన మాట అన్నిటికన్నా నిజం.

ఆయన్ని అందరూ టంకం అనేవారు. పోలీసు వైర్‌లెస్ వర్క్‌షాపులో పాడైన సెట్లు బాగుచేసే మెకానిక్. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టంకం తీగ చుట్ట ఉండేది. వేళ్ళ చివర్లు కాలి కాలి మొద్దుబారిపోయి, పొగలు కక్కే టీ గ్లాసును కూడా మంచినీళ్ళ గ్లాసులా పట్టుకునేవాడు. కుర్రతనంలో కానిస్టేబుల్ అవుదామని వెళ్ళాడు. కొలతల రోజున ఎంత ఊపిరి బిగబట్టినా ఛాతీ చాలలేదు. మొహం వంకాయ రంగుకు తిరగడం చూసి టేపు పట్టుకున్నాయనే జాలిపడి, "వదిలెయ్ బాబూ, పోతావ్! ఆ వెనక షెడ్డులో మనుషులు కావాలంట, అక్కడ ఛాతీ కొలవరు, పో" అన్నాడట. అలా వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు.

ఆ షెడ్డు పోలీసు పెద్దాఫీసు వెనక, ఎండ వస్తే ఉడికిపోయేది, వాన వస్తే కారేది. గోడ పొడుగునా అరల్లో చచ్చిన సెట్లు. కొత్త విడిభాగాలకు డబ్బు ఎప్పుడూ వచ్చేది కాదు. కాబట్టి ఒకదాని స్పీకరు ఇంకోదానికి, దాని బటను మరోదానికి అతికించి, టంకం వాటికి ప్రాణం పోసేవాడు. బాగైన సెట్టును పరీక్షించేటప్పుడు మాట గాలిలోకి పోకుండా ఆపడానికి ఒక చిన్న డబ్బా తగిలించాలి. ఆ డబ్బా ఎప్పుడో కాలిపోయింది. ఇంకోటి కావాలని అడిగితే "చూద్దాం" అన్నారు. చూస్తూనే ఉన్నారు.

ఆ చూద్దాంలోంచే మన కథ పుట్టింది.

రోజూ ఉదయం పెద్దసారు సెట్టు మీద రాష్ట్రమంతటికీ ఉపన్యాసం ఇచ్చేవారు. ఆ రోజు అంశం టోపీ. టోపీ ఎలా పెట్టుకోవాలి, పెట్టుకున్నాక తల ఎలా ఉంచుకోవాలి. స్టేషన్లన్నీ సెట్ల ముందు నోరు మూసుకుని కూర్చున్నాయి. షెడ్డులో టంకం అప్పుడే ఒక సెట్టుకు బటను అతికించి, పని చేస్తుందో లేదో చూద్దామని నొక్కి పట్టుకున్నాడు. ఎర్రదీపం వెలిగింది. సరిగ్గా అప్పుడే పెద్దసారు మంచినీళ్ళు తాగడానికి ఆగారు. సరిగ్గా అప్పుడే టంకానికి ఆవలింత వచ్చింది.

అది మామూలు ఆవలింత కాదు. బావి గిలక కిర్రుమన్నట్టు మొదలై, గేదె అరుపంత లోతుకు దిగి, చివర కుక్కపిల్ల మూలిగినట్టు సన్నటి కూతతో ముగిసింది.

"ఎవరది?" అన్నారు పెద్దసారు.

టంకం కాలుతున్న కడ్డీని వదిలినట్టు బటను వదిలేశాడు. ఎవరూ పలకలేదు. ఆ పాత సెట్లలో ఉన్న చిత్రమే అది. బటను నొక్కినవాడు తన స్టేషను పేరు తనంతట తాను చెబితే తప్ప ఎవరు మాట్లాడారో దేవుడికే తెలియాలి. గదినిండా కళ్ళకు గంతలు కట్టుకున్న జనం మాట్లాడుకున్నట్టు ఉండేది.

మధ్యాహ్నానికల్లా గేటు బయట టీ కొట్టు దగ్గర కానిస్టేబుళ్ళు ఆ ఆవలింతను అనుకరిస్తూ పడీపడీ నవ్వుతున్నారు. "కాదెహె, చివర్లో కుయ్ మనాలి!" అని ఒకరినొకరు దిద్దుకుంటున్నారు. టంకమూ నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నేళ్ళుగా ఆయన బాగుచేసిన సెట్ల గురించి ఏ ఒక్కరూ ఒక్క మంచిమాట అనలేదు. ఆయన చేసిన ఒక్క పని గురించి రాష్ట్రమంతా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. ఆ రుచి నాలుక్కి అంటుకుంది.

మొదటిది పొరపాటు. రెండోది కాదు. మూడోది అస్సలు కాదు. పెద్దసారు ఎప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుంటారో కనిపెట్టి మరీ ఆవలించాడు.

పెద్దసారు విచారణ వేశారు. విచారణకు వచ్చినాయన తెలివితేటలు చూడండి. "ఆవలించేది ఎవరు? నిద్ర వచ్చేవాడు. మన దగ్గర అందరికన్నా ఎక్కువ నిద్ర ఎవరికి వస్తుంది?" అని అడిగాడు. కంట్రోల్ రూములో ఉన్న తలలన్నీ ఒక్క కుర్చీ వైపు తిరిగాయి.

ఆ కుర్చీలో కూర్చునేది టంకం బావ, సొంత అక్క మొగుడు. కంట్రోల్ రూములో ఆపరేటరు. ఆయన నిద్ర డిపార్ట్‌మెంటు అంతటికీ తెలిసిన సంగతి. కళ్ళు తెరిచి నిద్రపోయేవాడు, నిలబడి నిద్రపోయేవాడు, సెల్యూట్ కొడుతూ మధ్యలో ఒక కునుకు లాగగలడని చెప్పేవారు. చెవి మాత్రం నిద్రపోయేది కాదు. ఎంత మారుమూల స్టేషను ఎంత బలహీనంగా పిలిచినా, గురక మధ్యలోంచి జవాబు చెప్పేవాడు.

"సార్, నేను నిద్రపోతాను గానీ ఆవలించను సార్. ఆవలించేది నిద్ర చాలనోళ్ళు" అన్నాడాయన. విచారణకర్తకు అది పొగరుగా కనబడింది.

బావను కొండ మీదికి బదిలీ చేశారు. ఊరికి దూరంగా ఒక బోడికొండ మీద రిపీటరు స్టేషను ఉంది. కింద నుంచి వచ్చే నీరసం మాటల్ని పట్టుకుని, బలం పోసి, దూరాలకు విసరడం దాని పని. బ్యాటరీలు చూసుకుంటూ, జనరేటరుకు డీజిలు పోస్తూ ఒక మనిషి అక్కడ పడి ఉండాలి. ఇంటికి ఎప్పుడో ఒకసారి గానీ రావడానికి ఉండదు.

బావ పెట్టె సర్దుకుంటున్న రోజు టంకం పెద్దాఫీసు వరండాలో విచారణకర్త గది దాకా వెళ్ళాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. చెయ్యి తీసేశాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు వచ్చేసరికి బావ కొండెక్కిపోయాడు.

అక్కడితో అయినా బాగుండేది. తన వల్ల బావకు ఇంత జరిగిందని సిగ్గుపడి, టంకం ఆవలించడం మానేశాడు. పెద్దసారు ఉపన్యాసంలో ఎన్నిసార్లు మంచినీళ్ళు తాగినా సెట్టు నిశ్శబ్దం. "చూశారా! వాడు పోయాడు, ఆవలింత పోయింది!" అన్నారు అందరూ. సిగ్గుతో మానేయడమే బావ మీద నేరం ఖాయం చేసింది.

దానికి విరుగుడు ఏమిటో ఆయనకు తెలుసు. బావ సెలవు మీద ఇంట్లో, నలుగురి కళ్ళ ముందు ఉన్నప్పుడు సెట్టులో ఒక్క ఆవలింత పడితే చాలు, బావ నిర్దోషి. ఒకసారి ప్రయత్నించాడు కూడా. బటను నొక్కి, నోరు బార్లా తెరిచి కూర్చున్నాడు. రాలేదు. దవడలు నొప్పెట్టాయి గానీ ఆవలింత రాలేదు. చివరికి ఒక దగ్గు వచ్చింది. దగ్గుకు ఎవరూ విచారణ వేయరు.

అక్క ఇల్లు వర్క్‌షాపుకు దగ్గర. మధ్యాహ్నం భోజనం అక్కడే. ఆవిడ వడ్డిస్తూ రోజూ అదే మాట.

"ఆ ఆవలించినోడెవడో గానీ, వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోను! వాడి నోట్లో ఈగలు కాపురం పెట్ట! ఇంకొంచెం కూర వేసుకోరా."

"చాలక్కా."

"చాలేమిటి, సగం కూడా తినలేదు. మీ బావ పోయినప్పట్నుంచి నువ్వు కూడా చిక్కిపోతున్నావు. నీకున్న బాధలో పదో వంతు వాడికి ఉంటే ఈపాటికి ఒప్పుకుని చచ్చేవాడు."

టంకం కంచంలోంచి కళ్ళెత్తేవాడు కాదు. అక్క అది బావ మీద ప్రేమ అనుకుని ఇంకో గరిటె వేసేది. తినక తప్పేది కాదు.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం డిపార్ట్‌మెంటుకు ఒక కొత్త టెక్నికల్ మేడం వచ్చింది. కాన్వెంటు సిస్టరమ్మ పిల్లల గోళ్ళు చూసినట్టు షెడ్డులో ఒక్కో సెట్టునూ తిప్పి చూసింది. రాష్ట్రం మొత్తానికి కొత్త సెట్లు కావాలని పైకి రాసింది. పైనుంచి వచ్చిన డబ్బుతో కొత్త సెట్ల అట్టపెట్టెలు కూడా రావు.

"టంకం గారూ, కొత్త సెట్ల మీద ఆశ వదిలేయండి" అంది మేడం.

"మీరు రాకముందే వదిలేశానండీ."

"పాతవాటికే ఈ సర్క్యూట్ బోర్డు పెడదాం. చూడండి." గోరంత ముక్క ఆయన అరచేతిలో పెట్టింది. "బటను నొక్కగానే ఆ సెట్టు నంబరు కంట్రోల్ రూము తెర మీద పడుతుంది. ఆపదలో ఉన్న కానిస్టేబులు పేరు చెప్పలేకపోయినా ఎక్కడి సెట్టో మనకు తెలుస్తుంది. ఉన్న డబ్బుకు ఇంతకన్నా చేయలేం."

టంకం అరచేతిలో తేలు పడ్డట్టు చూశాడు. "ఎవరు నొక్కినా తెలుస్తుందాండీ?"

"ఎవరు నొక్కినా. ఇక దాక్కోవడం కుదరదు." మేడం కాగితాలు సర్దుకుంటూ అంది. "కొండ మీద మనిషి అవసరం లేకుండా చేసే యంత్రం కూడా అడిగాను, డబ్బు లేదన్నారు. పర్లేదు, అక్కడ పాతాయన ఉన్నాడుగా. రిటైరయ్యేదాకా ఆయన్నే అక్కడ ఉంచమని రాయబోతున్నాను. కొత్త ఏర్పాటు మొదలయ్యే రోజే ఆ ఉత్తర్వు మీద పెద్దసారు సంతకం."

ఆ మాట విన్నాక టంకానికి ముద్ద దిగలేదు. ఇప్పుడు చెప్పకపోతే బావ ఇక దిగడు. మర్నాడు మేడం గదికి వెళ్ళాడు.

"మేడం..."

"చెప్పండి."

"టంకం తీగ అయిపోవచ్చిందండీ."

"తెప్పిస్తాను."

మళ్ళీ వెళ్ళాడు.

"మేడం..."

"మళ్ళీ తీగేనా?"

"కాదండీ. చీపురు. షెడ్డు ఊడవడానికి."

మేడం నవ్వి చీపురు కూడా తెప్పించింది. ఆయన ఆ చీపురుతో షెడ్డంతా ఊడ్చి, తన మీద తనకున్న అసహ్యాన్ని మాత్రం ఎక్కడికీ ఊడవలేక, కూర్చుని బోర్డులు అతికించాడు. రాష్ట్రంలోని సెట్లన్నీ ఆయన బల్ల మీదికి వచ్చి వెళ్ళాయి. తన షెడ్డు సెట్టుకు చివర అతికించాడు. దానికి పెట్టకపోతే ఎవరు చూడొచ్చారు అని ఒకసారి అనిపించింది. పెట్టాడు. టంకం బొట్టు ఒకటి జారి మోకాలి మీద పడింది.

మిగిలింది కొండ. రిపీటరు దగ్గర కూడా కొంత పని ఉంది. జీపు దారి ఆగిపోయిన చోటు నుంచి సంచీ భుజాన వేసుకుని నడిచాడు. టవరుకు కట్టిన తీగ మీద బావ చొక్కాలు ఆరేసి ఉన్నాయి. బావ తల పూర్తిగా తెల్లబడింది.

"ఏమోయ్ బామ్మర్దీ! బతికే ఉన్నావా? మీ అక్క చేతి వంట తింటూ కూడా ఇంత పుల్లలా ఉన్నావేంటి?"

"నువ్వెలా ఉన్నావు బావా?"

"నాకేం, మహారాజుని. నిద్ర లేపేవాడు లేడు. గాలితో మాట్లాడతాను, బ్యాటరీల్ని తిడతాను. మీ అక్క లేని లోటు తెలీకుండా అవి కూడా ఉలకవు పలకవు."

"అక్క ఉలకదా? పలకదా?"

"అదే, లోటు తెలుస్తోందని చెప్తున్నా."

ఒకే గది. ఒక మంచం, ఒక స్టవ్వు, గోడ వారన బ్యాటరీలు, మూలన గరగరలాడుతున్న సెట్టు. మంచం తలవైపు గోడకు అక్క ఫోటో. దానికి దుమ్ము లేదు. గదిలో దుమ్ము లేనిది అదొక్కటే. టంకం దానికి వీపు తిప్పి పని చేశాడు. పని అయ్యాక బావ టీ పెట్టి ఇచ్చాడు. ఎక్కి వచ్చిన అలసట, ఆ గాలి, ఆ నిశ్శబ్దం. ఏళ్ళ తరబడి రానిది అప్పుడొచ్చింది. గిలక కిర్రుమంది, గేదె అరిచింది, కుక్కపిల్ల కుయ్ మంది.

బావ టీ ఊదుకుంటూ, తల తిప్పకుండా అడిగాడు. "బటను మీద చెయ్యి లేదుగా?"

టంకం గ్లాసు కింద పెట్టాడు.

"నీకు... ఎప్పట్నుంచి తెలుసు బావా?"

"మొదటి దానికే. ఆ చివరి కూత మీ ఇంటి సొత్తురా. మీ నాన్నకి ఉండేది. మీ అక్కకి ఉంది. అన్నేళ్ళు దాని పక్కన పడుకున్నోణ్ణి, నాకు తెలీదా?"

"మరి విచారణలో చెప్పలేదేం?"

"చెప్తే? నువ్వు కాదంటావు. నేను అవునంటాను. మీ అక్క ఎవరో ఒకరి పక్కన నిలబడాలి." బావ గ్లాసు కడగడానికి లేచాడు. "నా పక్కన నిలబడకపోతే? ఆ అనుమానం తీర్చుకోవడం కన్నా కొండే నయం అనిపించింది."

క్షమించమని అడగకుండానే టంకం సంచీ సర్దుకుని దిగుతుంటే వెనక నుంచి బావ కేకేశాడు. "జాగ్రత్తగా దిగు! మధ్యలో ఆవలించకు, పడతావు!" ఆయన నవ్వు కొండ సగం దాకా వెంట వచ్చింది. తిట్టినా అంత బాధగా ఉండేది కాదు.

కొత్త ఏర్పాటు మొదలయ్యే ఉదయం కంట్రోల్ రూములో తెర ముందు పెద్దసారు కూర్చున్నారు. పక్కన మేడం. ఎదుట బల్ల మీద ఉత్తర్వు. షెడ్డులో టంకం తన సెట్టు ముందు కూర్చుని వింటున్నాడు. స్టేషన్లు ఒక్కొక్కటీ పేరు చెబుతున్నాయి, తెర మీద నంబర్లు సరిగ్గా పడుతున్నాయని మేడం చెబుతోంది.

పెద్దసారుకు సరదా పుట్టింది. "పేరు చెప్పిన తర్వాత నంబరు పడితే గొప్పేముందమ్మా? ఆల్ స్టేషన్స్, మీలో ఎవరైనా ఒకరు పేరు చెప్పకుండా బటను నొక్కండి. ఎవరో నేను కనిపెడతాను."

స్టేషన్లన్నీ బిగుసుకుపోయాయి. పెద్దసారుతో ఆటలాడే ధైర్యం ఎవరికుంటుంది?

టంకం బటను నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. మాటలతో చెబుదామనే అనుకున్నాడు. గొంతులోకి తీగ, చీపురు తప్ప ఇంకేమీ రాలేదు. కళ్ళు మూసుకుని, కొండ మీది గదినీ, తెల్లబడిన తలనూ, దుమ్ము లేని ఫోటోనూ తలుచుకుని, నోరు తెరిచాడు. ఈసారి వచ్చింది. చివరి కూతతో సహా వచ్చింది.

కంట్రోల్ రూము తెర మీద నంబరు పడింది.

"వర్క్‌షాప్" అన్నారు పెద్దసారు, చాలా నెమ్మదిగా.

"సార్."

"అప్పటివి కూడా...?"

"నావే సార్. అన్నీ నావే. కొండ మీదున్నాయన నిద్రపోతే పోతాడు గానీ ఇలాంటి పనులు చేసే మనిషి కాదు సార్. ఆయనకు తెలిసి కూడా చెప్పలేదు. నాకు తెలిసి కూడా నేను చెప్పలేదు."

రాష్ట్రమంతా విన్నది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు తెర మీద ఇంకో నంబరు పడింది.

"కంట్రోల్, ఇది కొండ" అన్నాడు బావ, డ్యూటీ గొంతుతో. "వర్క్‌షాపు సిగ్నల్ బాగుంది. చివరి కూత కూడా స్పష్టంగా అందింది. ఓవర్."

ఆ తర్వాత నవ్వారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా బటన్లు నొక్కి నవ్వేసరికి మేడం తెర నంబర్లతో నిండిపోయి, ఆ చవక యంత్రం తట్టుకోలేక ఆరిపోయింది. టంకం మాత్రం నవ్వలేదు. సెట్టు కట్టేసి, బల్ల మీద నుదురు ఆనించి కూర్చున్నాడు.

మేడం ఉత్తర్వు తిరగరాసింది. బావ దిగాడు, టంకం ఎక్కాలి. అది శిక్షేమీ కాదు, ఎవరో ఒకరు ఉండాలి, మనిషి లేకుండా నడిపే యంత్రానికి డబ్బు లేదు.

వెళ్ళేముందు అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తిడుతుందని, చెయ్యి చేసుకుంటుందని సిద్ధపడి వెళ్ళాడు. ఆవిడ ఎప్పట్లాగే కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, కూర వేసింది. రోజూ వినే ఆ మాట కోసం ఆయన వంగి కూర్చున్నాడు. అది రాలేదు.

"ఇన్నేళ్ళూ నా చేత నిన్నే తిట్టించావు కదరా" అంది చివరికి. అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అంతకు మించి ఆవిడ ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కొండ మీద ఉన్నంతకాలం ఆ ఒక్క మాటే ఆయనకు తోడు.

ఇప్పుడు టంకం కొండ దిగి, రిటైరై, అక్కాబావల ఇంటి వెనక గదిలో ఉంటున్నాడు. అక్క మనవలు ఈ కథ ఎక్కడో విని, మొన్న మంచం చుట్టూ మూగారు. "నిజమేనా తాతయ్యా? నువ్వే ఆవలించావా? నిన్ను కొండ మీదికి పంపించేశారా?"

ముందుగదిలో కుర్చీలో బావ గురక ఒక్క క్షణం ఆగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది.

"ఎవర్రా చెప్పింది మీకు?" అన్నాడు టంకం. "ఆవలింతా? నాకా? నాకు పుట్టి బుద్ధెరిగాక ఆవలింతే రాలేదు. కొండేంటి, నేను మేడ మెట్లే ఎక్కలేను. ముందుగదిలో ఉన్న మీ తాతయ్య అక్కడికి గాలి మార్పు కోసం తనంతట తానే వెళ్ళాడు. అసలు మా సెట్లు పక్కగదికే వినబడేవి కావు, రాష్ట్రమంతా ఎలా వినబడుతుంది? పనిలేని ముసలాడెవడో కూర్చుని అల్లిన కథ ఇది. ఒక్క ముక్క కూడా నిజం లేదు. పోండి, పోయి ఆడుకోండి."